యంత్రం ఏది కనిపెట్టాలి, మనిషిని ఏది అడగాలి

కంప్యూటరులో మొట్టమొదట చేరవలసినది ఆపరేటింగ్ సిస్టం. దానిని యంత్రంలోనికి ఎక్కించే ప్రోగ్రామును ఇన్‌స్టాలర్ అంటారు. ఈ పనిని ఒకటి రెండుసార్లు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. తెరపై ఒక ప్రశ్న వస్తుంది. దాని క్రింద రెండు మూడు జవాబులు ఉంటాయి. వాటిలో ఒకదానిపై ముందే గుర్తు పెట్టి ఉంటుంది. మనలో చాలామంది ప్రశ్నను చదవకుండానే ‘తరువాత’ అన్న మీట నొక్కి ముందుకు పోతారు. ముందే గుర్తు పెట్టి ఉంచిన ఆ జవాబునే డిఫాల్ట్ అంటారు. అనగా అది మన తరఫున, మనలను చూడని వ్యక్తి ఎప్పుడో ఇచ్చి ఉంచిన జవాబు. కొన్ని ప్రశ్నలైతే తెరపైకి కూడా రావు. వాటి జవాబులు లోలోపలనే నిర్ణయమైపోతాయి. యంత్రంలో ఏ ఏ పరికరాలు ఉన్నాయో కనిపెట్టే ప్రశ్నలు చాలావరకు ఈ రెండవ కోవలోనివి. వీటిలో ఏవి యంత్రం తనంత తాను తేల్చుకోవాలి, ఏవి మనిషిని అడగాలి, అడిగినప్పుడు ఏ జవాబుపై ముందుగా గుర్తు ఉంచాలి అన్నదే ఇక్కడ మా చర్చ.

ఇది నిపుణులకు మాత్రమే కావలసిన ముచ్చట కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. దాని తరువాతిదైన విండోస్ 11, అనగా 2021 అక్టోబరు 5న వెలువడినది, ఎక్కకముందే యంత్రాన్ని పరీక్షకు నిలబెడుతుంది. 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్కు, సెక్యూర్ బూట్ చేయగల శక్తి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. వీటిలో ఒక్కటి లోపించినా ఈ యంత్రం తగదని తేల్చివేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువి దాదాపు అన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి. నిక్షేపంగా పనిచేస్తున్న ప్రయోగశాల యంత్రాలు ఒక్క తీర్పుతో పాత ఇనుము లెక్కలోనికి వస్తాయన్నమాట. రాయచోటి వంటి మెట్టసీమ పట్టణంలోని కళాశాల ఒక్కసారిగా గదినిండా కంప్యూటర్లు మార్చగలదా?

ఇక్కడనే ఒక చిన్న విషయం చెప్పవలసి ఉన్నది. టీపీఎం లేదని పరీక్ష చెప్పిన యంత్రాలలో కొన్నింటిలో అది నిజంగా ఉంటుంది; బోర్డు తయారుచేసినవారు దానిని కట్టివేసి పంపి ఉంటారు. బయోస్‌లోనికి పోయి తెరిస్తే అదే యంత్రం ఆ ఒక్క అంశంలో ఉత్తీర్ణమవుతుంది. పరీక్షించేవాడికి ‘లేదు’ అన్నదానికీ ‘మూసి ఉన్నది’ అన్నదానికీ భేదం తెలియలేదు. పరికరాల గుర్తింపులో వచ్చే చిక్కులు సగం ఇట్టివే.

యంత్రం తన అవయవాలను తాను గుర్తించడం మొదటినుండి ఉన్న విద్య కాదు. 1980 దశకంలోను, 1990 దశకపు మొదటి భాగంలోను వాడుకలో ఉన్న ఐఎస్ఏ కార్డులకు తమ పేరు చెప్పుకొనే శక్తి చాలావరకు లేదు. ఏ కార్డు ఏ చిరునామాలో ఉండాలో దానిపైని చిన్న పిన్నుల తొడుగులను అటూ ఇటూ మార్చి మనిషే నిర్ణయించేవాడు. ఆ తరువాత వచ్చే ఇన్‌స్టాలర్‌కు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఒక్కొక్క చిరునామా వద్దకు పోయి ఏదో ఒక సంఖ్య వ్రాసి, తిరిగి ఏమి వస్తుందో చూడటమే దారి. మన సీమలో నీటికోసం బోరు వేయడం వంటిది ఈ పని. నీరున్నదో లేదో తెలియాలంటే నేలను తొలవక తప్పదు. తొలిచినచోట బండ తగిలితే గొట్టం ఇరుక్కుపోతుంది. నెట్‌వర్క్ కార్డు కోసం వెదకుతూ ఒక చిరునామాలో సంఖ్య వ్రాస్తే అక్కడ వేరొక కార్డు ఉండవచ్చు. ఆ సంఖ్యకు దాని భాషలో మరొక అర్థం ఉంటుంది. యంత్రం అక్కడికక్కడ బిగుసుకొని పోతుంది. ఎన్ఈ 2000 రకపు నెట్‌వర్క్ కార్డులను వెదకడంలో ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే ఆనాటి లినక్స్‌లో ఫలానా చిరునామాలను తాకవద్దని ముందుగానే చెప్పే ఏర్పాటు ఉండేది.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 ఈ ఆపదకు ఒక తెలివైన ఉపాయం చేసింది. పరికరాలను వెదకుతున్నప్పుడు తాను వేసే అడుగును డిస్కుపై ఒక పుస్తకంలో వలె వ్రాసుకొంటూ పోయేది. మధ్యలో యంత్రం బిగుసుకొని, మనిషి దానిని ఆపి తిరిగి వెలిగిస్తే, ఏ అడుగు వద్ద పడిపోయినదో ఆ పుస్తకంలో చూసుకొని, ఈసారి ఆ అడుగును దాటవేసి ముందుకు సాగేది. వెదకడం ప్రమాదకరమని తెలిసికూడా వెదకడమే డిఫాల్ట్‌గా ఉంచి, పడిపోతే లేచే దారిని పక్కనే సిద్ధపరచినారు. డిఫాల్ట్ ఎంచేవారు నేర్చుకోవలసిన తొలిపాఠం అదేనని మా అభిప్రాయం.

1990 దశకంలో పీసీఐ అనే క్రొత్త ఏర్పాటు స్థిరపడినాక బోరు వేయవలసిన అవసరం తీరిపోయింది. పీసీఐ పరికరం ప్రతిదానికీ వాకిట ఒక పేరుపలక ఉంటుంది. దానిపై రెండు సంఖ్యలు: తయారీదారు సంఖ్య, పరికరపు సంఖ్య. ఇంటెల్ సంస్థకు ఇచ్చిన సంఖ్య 8086. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రసిద్ధ ప్రాసెసరు పేరు కూడా 8086 కావడం ఒక చమత్కారం. ఎవరూ లేని వాకిట అడిగితే అన్ని బిట్లూ ఒకట్లుగా ఉన్న సంఖ్య తిరిగి వస్తుంది. దానిని బట్టి ఆ ఇల్లు ఖాళీ అని తెలుస్తుంది. చదవడమే గాని వ్రాయడం లేదు కనుక యంత్రం బిగుసుకొనదు. యూఎస్‌బీ పరికరాలదీ ఇదే పద్ధతి. ప్రతి డ్రైవరు వద్ద తాను నడపగల పరికరాల సంఖ్యల జాబితా ఉంటుంది. పలకపైని సంఖ్య ఏ జాబితాలో ఉంటే ఆ డ్రైవరును పిలుస్తారు. ఈ పద్ధతిని ఆధారం చేసుకొని, 2000లో వెలువడిన నోపిక్స్ ఒకే ఒక సీడీతో ఏ యంత్రాన్నైనా వెలిగించి, తెర, ధ్వని, నెట్‌వర్క్ అన్నింటినీ మనిషిని అడగకుండా సర్దుకొని చూపింది.

కాబట్టి పరికరం తానే పేరు చెబుతున్నచోట, పేరు అడగడం వలన హాని లేనిచోట, మనిషిని ప్రశ్నించడం వృథా. ‘మీ నెట్‌వర్క్ కార్డు పేరేమి?’ అని విద్యార్థిని అడిగితే అతడు ఏమి చెప్పగలడు? ఆ ప్రశ్న అడిగే ఇన్‌స్టాలర్ తన పని మనిషిపై వేస్తున్నదనే అనుకోవాలి.

ఐతే పేరు తెలిసినంత మాత్రాన పని జరుగుతుందనుకోరాదు. వైఫై కార్డునే తీసుకొందాం. దానిలో ఒక చిన్న ప్రాసెసరు ఉంటుంది గాని, అది నడిపించే ప్రోగ్రాము చాలా కార్డులలో నిలువ ఉండదు. యంత్రం వెలిగినప్పుడల్లా డ్రైవరే దానిని డిస్కు నుండి తెచ్చి కార్డులో నింపాలి. దీనిని ఫర్మ్‌వేర్ అంటారు. అది లేకపోతే కార్డు పేరు కనబడుతుంది, కార్డు మాత్రం కదలదు. ఆ ఫర్మ్‌వేర్‌ను ఇంటర్నెట్ నుండి తెచ్చుకొమ్మంటారు. ఇంటర్నెట్ రావాలంటే వైఫై కార్డు పనిచేయాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఈ దశలో యంత్రం పాడైనదని నిర్ణయించి మూలన పెట్టడం అన్యాయం. మొబైలు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి దాని ఇంటర్నెట్‌ను పంచుకొంటే చాలా యంత్రాలలో ఈ ముడి విడిపోతుంది.

ఈ ఫర్మ్‌వేర్ విషయంలో డెబియన్ అనే లినక్స్ సమాజంలో జరిగిన చర్చ మన విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. మన దేశంలో సీ-డాక్ సంస్థ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌కు కూడా ఆధారం డెబియనే. స్వేచ్ఛగా చదువుకొనడానికి, మార్చుకొనడానికి వీలున్న ప్రోగ్రాములను మాత్రమే తన అధికారిక డిస్కులో ఉంచడం ఆ సమాజపు నియమం. వైఫై కార్డుల ఫర్మ్‌వేర్ చాలావరకు అట్టిది కాదు. దాని మూలపాఠాన్ని తయారీదారులు ఇవ్వరు. అందుచేత ఎన్నో ఏండ్లు అధికారిక డిస్కులో దానిని చేర్చలేదు. సిద్ధాంతం నిలిచింది, సామాన్యుని వైఫై నిలిచిపోయింది. ఫర్మ్‌వేర్ కలిపిన వేరొక డిస్కు ఉన్నదిగాని అది అనధికారం, దాని జాడ తెలిసినవారికే దక్కేది. చివరకు 2022లో సభ్యులు ఓటు వేసి, ఫర్మ్‌వేర్‌ను అధికారిక డిస్కులోనే చేర్చడానికి తీర్మానించినారు. 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12 నుండి, ఇన్‌స్టాలర్ పరికరాలను చూసి అవసరమైన ఫర్మ్‌వేర్‌ను తానే ఎక్కిస్తుంది. వద్దనుకొన్నవారు ఆరంభంలోనే ఒక మాట చేర్చి దానిని ఆపివేయవచ్చు. డిఫాల్ట్ సామాన్యుని పక్షాన నిలిచింది. నియమవాదికి తలుపు మూయలేదు. తీర్మానం సరైనదేనని మేము భావిస్తాము. మూలపాఠం ఇవ్వని తయారీదారులపై ఒత్తిడి తగ్గిందన్న వాదంలోనూ సత్యం లేకపోలేదు.

ఇక యంత్రం ఎంత తెలివైనదైనా కనిపెట్టలేని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది కీబోర్డు. కీబోర్డు తాను కీబోర్డునని చెబుతుంది. తన మీటలపై ఏ అక్షరాలు అచ్చువేసి ఉన్నాయో మాత్రం చెప్పదు. యూఎస్‌బీ నియమాలలో దేశపు సంఖ్య చెప్పుకొనడానికి ఒక గడి ఉన్నదిగాని తయారీదారులు సాధారణంగా దానిలో సున్నా పెట్టి వదలివేస్తారు. మన ఊరికి ఇది దూరపు సమస్య కాదు. రాయచోటి ప్రాంతంనుండి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు పోయి కష్టపడుతున్నవారు ఎందరో. వారు తమ పిల్లల చదువుకోసం పంపే ల్యాప్‌టాప్‌ల మీటలపై ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబ్బీ అక్షరాలు ఉంటాయి. దేశం ఏదని ఇన్‌స్టాలర్ అడిగితే మనం భారతదేశమని చెబుతాము. అది మన దేశపు అలవాటు ప్రకారం అమెరికా ఇంగ్లీషు అమరికను పెట్టుకొంటుంది. కొన్ని గుర్తులు మీటపై ఒకటి, తెరపై ఒకటిగా రావచ్చు. అరబ్బీ అమరికను ఎంచుకొంటే ఉర్దూ వ్రాయవచ్చునని అనుకొనేవారు ఉన్నారు. అరబ్బీలో ‘పే’, ‘చే’, ‘గాఫ్’ లేవు. మన ‘ట’, ‘డ’ ధ్వనులకు అక్షరాలు లేవు. లిపి ఒక కుటుంబానిదే అయినా ఉర్దూకు ఉర్దూ అమరికనే విడిగా చేర్చుకోవాలి. తెలుగుకు 1986లో ప్రభుత్వం ప్రమాణంగా రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉండనే ఉన్నది. కాబట్టి కీబోర్డు ప్రశ్నను మ్రింగివేసే ఇన్‌స్టాలర్ మంచిది కాదు. ప్రశ్న అడగాలి, పక్కనే నాలుగు అక్షరాలు కొట్టి చూసుకొనే గడి ఉండాలి. సంకేతపదాన్ని పెట్టుకొనే ముందు ఆ గడిలో అన్ని గుర్తులనూ ఒకసారి కొట్టి చూడటం ఎంతో అవసరం. లేకపోతే మనం పెట్టిన సంకేతపదమే మనకు తెలియకుండా పోతుంది.

భాష విషయంలో కూడా పరికరాల గుర్తింపు తలదూర్చుతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్‌కు రెండు రూపాలున్నాయి: బొమ్మల తెరతో నడిచేది ఒకటి, ఉత్త అక్షరాల తెరతో నడిచేది మరొకటి. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగు లిపిని ఆ అక్షరాల తెర చూపలేదు. అందుచేత రెండవ రూపంలో భాషల జాబితాలో తెలుగే కనబడదు. 2015లో వచ్చిన డెబియన్ 8 నుండి బొమ్మల రూపాన్నే డిఫాల్ట్ చేసినారు. 2005లోనే హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగు ఆపరేటింగ్ సిస్టంను తెచ్చినారన్నది మనకు గర్వకారణమే. ఐతే ఎంత శ్రమపడి అనువదించినా, తెర ఎంపికలో ఒక డిఫాల్ట్ మారితే ఆ అనువాదమంతా చూపుకు అందకుండా పోగలదు.

రెండవది గడియారం. కంప్యూటరు లోపల చిన్న బ్యాటరీతో నడిచే గడియారం ఒకటి ఉంటుంది. అది గంటలు చెబుతుందే గాని, ఆ గంటలు ఏ దేశపువో చెప్పదు. విండోస్ దానిలో స్థానిక సమయం ఉంచుతుంది. లినక్స్ సాధారణంగా ప్రపంచ సమయం ఉంచుతుంది. మనకు ప్రపంచ సమయానికీ మధ్య 5 గంటల 30 నిమిషాల తేడా. రెండూ ఒకే యంత్రంలో ఉంటే, ఉదయం 10 గంటలకు లినక్స్ ఆ గడియారంలో 4:30 అని వ్రాస్తుంది. తరువాత విండోస్ వెలిగించినవారికి తెల్లవారుజాము 4:30 కనబడుతుంది. గడియారం చెడిపోయిందని బ్యాటరీలు మార్చినవారు ఉంటారు! డెబియన్ ఇన్‌స్టాలర్ వీలైనంతవరకు ఈ ప్రశ్న అడగకుండా, డిస్కులో వేరే ఆపరేటింగ్ సిస్టం ఉన్నదా అని చూసి ఊహిస్తుంది. ఊహ బాగానే ఉన్నది. ఐనా విండోస్‌ను తరువాత ఎక్కిస్తే ఆ ఊహకు ఆధారమేమున్నది?

తెర విషయం క్లుప్తంగా చెబుతాము. మానిటరు తన కొలతలను 128 బైట్ల చిన్న చీటీగా తీగగుండా పంపుతుంది. పాత తీగలో ఆ పిన్ను విరిగి ఉంటే చీటీ అందదు. అప్పుడు చిన్న కొలతతో పెద్ద అక్షరాలు వస్తాయి. దోషం తీగది, నింద లినక్స్‌కు.

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది డిస్కు వద్ద. ఇటీవలి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్కు ఒక ప్రత్యేక నియంత్రణ చాటున ఉండి, సరైన డ్రైవరు లేని ఇన్‌స్టాలర్‌కు కనబడదు. ‘డిస్కు లేదు’ అని తెరపై వస్తే దుకాణానికి పరుగెత్తవలసిన పనిలేదు. కనబడనప్పుడు కలిగే నష్టం కొంచెమే. ఒక డిస్కుకు బదులు మరొకటి కనబడితే కలిగే నష్టం అపారం. లినక్స్ డిస్కులకు కనుగొన్న వరుసలో ఏ, బీ, సీ అని పేర్లు పెడుతుంది. ఈ వరుస ప్రతిసారీ ఒకే విధంగా ఉంటుందన్న హామీ లేదు. ఎక్కించడానికి గుచ్చిన పెన్‌డ్రైవే మొదటి డిస్కుగా లెక్కకు రావచ్చు. ‘మొత్తం డిస్కును వాడుకో’ అన్న జవాబుపై ముందే గుర్తు ఉన్న తెరను చదవకుండా దాటినవాడు మూడేండ్ల ప్రాజెక్టు వ్రాతలను క్షణంలో పోగొట్టుకొనవచ్చు. చదవడం వలన హానిలేదు, చెరపడం వలన ఉన్నది. చెరిపే జవాబుపై ముందుగా గుర్తు ఉంచడాన్ని మేము ఏ విధంగానూ సమర్థించలేము. డిస్కు పేరు, పరిమాణం, అందులో ఇప్పుడున్నదేమిటో చూపి, మనిషిచేత స్పష్టంగా ఒప్పుకోలు పొందిన తరువాతనే ముందుకు సాగాలి.

కనిపెట్టిన వివరాలు ఎవరికి చేరుతాయన్నది మరొక ప్రశ్న. 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 18.04, యంత్రపు వివరాలను తయారీ సంస్థకు పంపడానికి మన అనుమతి అడిగింది. ముందే గుర్తు పెట్టినది ‘పంపండి’ అన్న జవాబుపై. డెబియన్ కూడా ఏ ప్రోగ్రాములు వాడుతున్నారో లెక్క పంపమంటుంది. అక్కడ ముందుగుర్తు ‘వద్దు’ మీద. అడిగే తీరు ఒకటే, చదవకుండా దాటేవాని వివరాలు మాత్రం ఒకచోట పోతాయి, మరొకచోట నిలుస్తాయి. డిఫాల్ట్ ఎవరి మేలుకోసం పెట్టినారో చూసే అలవాటు విద్యార్థులకు ఇక్కడనుండే కలగాలని మా కోరిక.

కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రయోగశాలలోని పాత యంత్రాలను వేలానికి పెట్టే ముందు, డిస్కును తాకకుండా పెన్‌డ్రైవు నుండే నడిచే లినక్స్‌తో ఒక్కొక్కదాన్ని వెలిగించి, తెర, ధ్వని, నెట్‌వర్క్, కీబోర్డు పనిచేస్తున్నవో లేదో కాగితంపై వ్రాయించవలెను. ఇంటర్మీడియట్ విద్యార్థులిద్దరికి ఒక మధ్యాహ్నపు పని ఇది. ఆ తరువాత అన్ని యంత్రాలకూ ఒకే జవాబుపత్రం తయారుచేసుకోవచ్చు. ప్రీసీడ్ అనే ఈ ఫైలును ఇస్తే డెబియన్ ఇన్‌స్టాలర్ ఏ ప్రశ్నా అడగకుండా దాని ప్రకారం నడుచుకొంటుంది. భాష, కాలమండలం, కీబోర్డు, ఫర్మ్‌వేర్ జవాబులు నిశ్చింతగా దానిలో వ్రాయవచ్చు. డెబియన్‌వారు నమూనాగా ఇచ్చే పత్రంలో డిస్కు విభజనను మనిషి తరఫున ఒప్పుకొనే పంక్తులు కూడా ఉంటాయి. నమూనాను యథాతథంగా నకలు చేసుకొనేవారు ఆ పంక్తులను తీసివేసి, ఆ ఒక్క ప్రశ్నను ప్రతి యంత్రం ముందూ కూర్చున్న విద్యార్థికే వదలాలి.